డిగ్రీలో సోషియాలజీ తీసుకోవచ్చా? విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచే ఫోన్లు మొదలవుతాయి. "సార్, సోషియాలజీ ఉన్న గ్రూపులో సీటొచ్చింది, చేరమంటారా?" అని పిల్లలు అడుగుతారు. "దాంతో ఏమొస్తుందండీ?" అని తల్లిదండ్రులు అడుగుతారు. డిగ్రీ పిల్లలకు ఈ సబ్జెక్టు చెబుతున్నవాడిగా ఏటా ఇచ్చే జవాబుల్నే ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను. కొన్నింటికి రెండు ముక్కలు చాలు. కొన్ని ఓపిగ్గా చెప్పాల్సినవి.

సోషియాలజీ అంటే స్కూల్లో చదివిన సోషలేనా?

కాదు. స్కూల్లో సోషల్ అంటే చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం కలిపి కట్టిన మూట. సోషియాలజీ, అంటే సమాజశాస్త్రం, మనుషులు కలిసి బతికే తీరును పరిశీలించే చదువు. ఆ తీరుకు పద్ధతులు ఎవరు పెట్టారు, వాటిని ఎవరు పాటిస్తారు, పాటించకపోతే ఏమవుతుంది, ఆ పద్ధతి వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అడుగుతుంది.

పెళ్లి సంగతే తీసుకోండి. సంబంధం చూసేటప్పుడు మన ఇళ్లల్లో ముందు కులం అడుగుతారు, వెంటనే ఇంటిపేరో గోత్రమో అడుగుతారు. కులం ఒకటే కావాలి, ఇంటిపేరు మాత్రం ఒకటి కాకూడదు. ఎవరూ బళ్లో నేర్పకపోయినా ఈ రెండు నియమాలు అందరికీ తెలుసు. మొదటిదాన్ని అంతర్వివాహం అంటారు, రెండోదాన్ని బహిర్వివాహం అంటారు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, 25 ఏళ్ల వయసులో అంబేడ్కర్ ఒక పత్రం చదివారు. కులాన్ని కులంగా నిలబెడుతున్నది అంతర్వివాహమేనని అందులో ఆయన వాదన. వందేళ్ల తర్వాత కూడా మన తరగతి గదిలో ఆ పత్రం మీద వాదన నడుస్తుంది. ఎందుకంటే కూర్చున్న ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఆ నియమం బతికే ఉంది.

ఇంకో ఉదాహరణ. ఇంగ్లీషులో కజిన్ అనే ఒక్క మాట ఉంటే మనకు ఎన్ని మాటలో చూడండి. పెద్దమ్మ, చిన్నమ్మ పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనత్త, మేనమామ పిల్లలు బావలు, బావమరుదులు, వదినలు, మరదళ్లు. ఇద్దరూ అంతే దగ్గరి చుట్టాలైనా ఒకరితో పెళ్లి మాటే ఎత్తకూడదు, ఇంకొకరితో మేనరికం కుదురుతుంది. ఈ తేడా ప్రపంచంలో చాలామంది పరిశోధకుల్ని ఆశ్చర్యపరిచింది. అమెరికాకు చెందిన లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో అచ్చువేసిన బంధుత్వ పట్టికల్లో తమిళం, కన్నడంతో పాటు తెలుగు మాటలూ ఉన్నాయి. మనం రోజూ నోటితో పిలిచే పిలుపులు ఒక శాస్త్రానికి ముడిసరుకు అయ్యాయన్నమాట.

మనుషుల గురించి మనకు తెలియనిదేముంది? దీనికో డిగ్రీ ఎందుకు?

ఇది మంచి ప్రశ్న. తెలిసిందనుకున్నదాన్ని తేల్చి చూడటానికే ఈ డిగ్రీ.

ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్ దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక మనిషి తన ప్రాణం తీసుకోవడం కన్నా వ్యక్తిగతమైన విషయం ఉండదని అందరం అనుకుంటాం. ఆయన మాత్రం దేశాలవారీ, మతాలవారీ లెక్కలు పక్కపక్కన పెట్టి చూశారు. పెళ్లైనవాళ్లలో, కానివాళ్లలో రేటు వేరు. ప్రొటెస్టెంట్లలో, కాథలిక్కుల్లో రేటు వేరు. మనిషిని చుట్టుపక్కల వాళ్లతో కట్టి ఉంచే బంధాలు ఎంత గట్టివో, ఎంత వదులో అన్నదానికీ ఆ రేటుకీ సంబంధం ఉందని చూపించారు.

దీన్ని మన దగ్గరికి తెచ్చుకోండి. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు జరిగాయి. ఒక్కో ఇంటికి వెళ్లి అడిగితే ఒక్కో కథ వినిపిస్తుంది: కూతురి పెళ్లి అప్పు, పురుగు పట్టిన చేను, ఎండిన బోరు. ఆ కథలన్నీ నిజమే. కానీ విత్తనాలూ మందులూ అప్పుకిచ్చిన షాపాయనే చివరికి పంట కూడా కొనే పరిస్థితి ఉన్నప్పుడు, ఏ మందు కొట్టాలో చెప్పేది కూడా ఆయనే అయినప్పుడు, ఆ రైతు ఎటు తిరిగినా ఒకే మనిషి ఎదురొస్తాడు. "మనసు గట్టిగా లేక చేసుకున్నాడు" అని ఊరుకోకుండా ఆ ఏర్పాటును చూడగలగడం సోషియాలజీ నేర్పే పని.

సోషల్ వర్క్, ఆంత్రోపాలజీ, పొలిటికల్ సైన్స్‌తో తేడా ఏంటి?

సోషల్ వర్క్ చేతల చదువు, సేవ చేసే వృత్తికి తయారు చేస్తుంది. పొలిటికల్ సైన్స్ రాజ్యం, ప్రభుత్వం, ఎన్నికల చుట్టూ తిరుగుతుంది. ఆంత్రోపాలజీతో, అంటే మానవశాస్త్రంతో, గీత గీయడం కష్టం. పాతరోజుల్లో గిరిజన సమాజాలు ఆంత్రోపాలజీ వాళ్లవి, మిగతావి సోషియాలజీ వాళ్లవి అనేవారు, ఇప్పుడు అలా ఏం లేదు. అయితే ఆంత్రోపాలజీలో మానవ పరిణామం, జన్యువులు లాంటి జీవశాస్త్ర భాగం కూడా ఉంటుంది.

ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ చేశాను. చేరొచ్చా?

చేరొచ్చు. బీఏకు ఇంటర్ ఏ గ్రూపైనా పరవాలేదు. సైన్సు నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్‌లో పెద్ద పెద్ద వ్యాసాలు రాయడం దగ్గర టెన్షన్ ఉంటుంది. రెండో ఏడాది పరిశోధన పద్ధతులు వచ్చేసరికి వాళ్లే ముందుంటారు.

ఎక్కడ చేరాలి? ఎలా అప్లై చేయాలి?

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు చాలావరకు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా జరుగుతాయి. ఈ పద్ధతి 2016లో వచ్చింది. ఇక్కడ సోషియాలజీ ఎక్కువగా జోడీ సబ్జెక్టుగా దొరుకుతుంది. హిస్టరీ, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, సైకాలజీ, ఇంగ్లీషు సాహిత్యం లాంటివాటితో కలిపి గ్రూపు ఉంటుంది. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు ఒక్కటే చూసి పెట్టేయకండి, గ్రూపులో పక్కన ఏ సబ్జెక్టులున్నాయో చూడండి. నా అభిప్రాయం అడిగితే ఎకనామిక్స్ లేదా హిస్టరీ పక్కన ఉంటే సోషియాలజీకి బలం వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాలు నిర్వహిస్తుంది. అక్కడ 2023-24లో పాత మూడు సబ్జెక్టుల పద్ధతి తీసేసి, ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ తెచ్చారు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీరు చేరే ఏడాది మార్గదర్శకాలు చదివాకే ఆప్షన్లు ఇవ్వండి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. సోషియాలజీ ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లో బీఏ ఆనర్స్ ఉంది. రెండింటికీ సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ రెండో ఏడాదిలోనే ఆ దరఖాస్తు గడువు వచ్చి పోతుంది. ఏటా కొంతమంది పిల్లలు ఫలితాలు వచ్చాక ఫోన్ చేసి "సార్, హెచ్‌సీయూకి ఇప్పుడు అప్లై చేయొచ్చా?" అంటారు. అప్పుడు లేదని చెప్పడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఉద్యోగం చేస్తూ చదవాలంటే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైన ఇది దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. కేంద్రం నడిపే సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో కూడా ఉంది. ఇగ్నో సోషియాలజీ పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, మీరు ఏ కాలేజీలో చదువుతున్నా దించుకుని చదవండి.

సిలబస్‌లో ఏముంటుంది?

యూనివర్సిటీని బట్టి పేపర్ల పేర్లు మారతాయి గానీ వరస ఇంచుమించు ఒకటే. మొదట మౌలిక భావనలు: సమూహం, సంస్థ, సాంఘికీకరణ, ప్రమాణాలు, స్తరీకరణ. తర్వాత భారతీయ సమాజం: కులం, కుటుంబం, మతం, గ్రామం, తెగలు. ఆ తర్వాత కామ్టే, మార్క్స్, దుర్ఖైమ్, వెబర్ లాంటి సిద్ధాంతకర్తలు. చివర్లో పరిశోధన పద్ధతులు, ఏదో ఒక ప్రత్యేక అంశం.

పిల్లలు ఎక్కువగా జారిపడేది సిద్ధాంతాల దగ్గర. నిర్వచనాలు బట్టీ కొట్టి "వెబర్ ఇలా అన్నాడు, మార్క్స్ అలా అన్నాడు" అని రాసేస్తారు. ఆ ఇద్దరూ ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో పట్టుకుంటే బట్టీ అవసరం ఉండదు. యూరప్‌లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి మిల్లుల చుట్టూ బస్తీలు పెరిగిన కాలం అది. పాత కట్టుబాట్లు తెగిపోతుంటే మనుషుల్ని కలిపి ఉంచేది ఏమిటని వాళ్లు అడిగారు. మీ తాతగారి ఊరినీ, మీరు అద్దెకుంటున్న హైదరాబాద్ గల్లీనీ పక్కపక్కన పెట్టుకుంటే ఆ ప్రశ్న మీకూ అర్థమవుతుంది.

మన నేల గురించి జరిగిన పని కూడా తెలుసుకోండి. ఉస్మానియాలో పనిచేసిన శ్యామా చరణ్ దూబే హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేట మీద చేసిన అధ్యయనం 1955లో పుస్తకంగా వచ్చింది. భారతీయ గ్రామం మీద దేశవిదేశాల్లో చదివే తొలి పుస్తకాల్లో అదొకటి. ఇప్పుడు ఆ ఊరు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంది. అప్పటి కులవృత్తులు, అప్పటి భూములు ఇప్పుడు ఎవరి చేతుల్లో ఎలా ఉన్నాయో చూడటం కంటే మంచి ప్రాజెక్టు హైదరాబాద్ పిల్లలకు ఏముంటుంది?

తెలుగు మీడియం వాళ్లం. ఇంగ్లీషు రాకపోతే కష్టమా?

దీనికి కొంచెం పొడుగు జవాబు కావాలి, ఎందుకంటే ఈ భయంతోనే చాలామంది మంచి విద్యార్థులు వెనక బెంచీలో కూర్చుండిపోతారు.

పరీక్ష వరకైతే తెలుగులో పుస్తకాలున్నాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వేసిన పాఠ్యపుస్తకాలే చాలా ఏళ్లుగా మన పిల్లల్ని నిలబెట్టాయి. వాటిలో భాష కొన్నిచోట్ల బరువుగా ఉంటుంది. స్తరీకరణ అనే మాట చూసి బెదిరిపోకండి, అది సమాజం పైమెట్టు, కిందిమెట్టుగా విడిపోవడం గురించి చెబుతుంది. ప్రతి పారిభాషిక పదం పక్కన మీ ఇంట్లో ఆ సంగతి ఎలా చెప్పుకుంటారో ఒక వాక్యం రాసుకోండి.

పీజీకి వెళ్లాలన్నా, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాయాలన్నా, మంచి సంస్థలో చేరాలన్నా ఇంగ్లీషు చదవడం రావాలి. మాట్లాడటం తర్వాత చూసుకోవచ్చు, ముందు చదవడం రావాలి. రోజుకు ఇంగ్లీషులో ఒక్క పేజీ చదివి, అందులో ఏముందో తెలుగులో మూడు వాక్యాలు రాయండి. ఒక ఏడాది వదలకుండా చేసినవాళ్లు రెండో ఏడాదికల్లా ఇగ్నో పాఠాలు సొంతంగా చదువుకోగలిగారు, ఇది నా తరగతిలో చూశాను.

ఇంకో మాట. ఫీల్డుకు వెళ్లినప్పుడు బలం మీదే. కూలికెళ్లడానికీ, బదలుకెళ్లడానికీ తేడా తెలిసినవాడికి, పాలివాళ్లంటే ఎవరో తెలిసినవాడికి ఊళ్లో మనుషులు చెప్పేది సూటిగా అందుతుంది. ఇంగ్లీషు ప్రశ్నావళి పట్టుకుని వచ్చిన పెద్ద పరిశోధకుడు మధ్యలో దుబాసీని పెట్టుకోవాల్సి వస్తుంది. ఆ బలం ఉన్నవాళ్లు తలదించుకోవాల్సిన పనే లేదు.

కులం గురించి క్లాసులో మాట్లాడాలంటే ఇబ్బందిగా ఉంటుంది. ఏం చేయాలి?

ఇబ్బంది ఉండటం సహజం. పక్కన కూర్చున్నవాడు నొచ్చుకుంటాడేమోనని ఒకరికి, తన కులం బయటపడుతుందేమోనని మరొకరికి భయం. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల మీద జరిగిన ఊచకోతల గురించి పాఠం చెప్పే రోజున తరగతి గదిలో గాలి మారిపోతుంది. నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను: ఎవరి కులాన్నీ ఎవరూ అడగకూడదు, ఎవరి అనుభవాన్నీ ఎవరూ "అలా జరగదులే" అని కొట్టేయకూడదు.

సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు దగ్గర రాంపుర అనే ఊరును చూసి ఆధిపత్య కులం అనే భావన తెచ్చారు. సంఖ్య, భూమి, రాజకీయ పలుకుబడి ఒకచోట చేరితే ఆ కులం ఊరిని ఎలా నడుపుతుందో అది చెబుతుంది. ఇది చదివాక పిల్లలు తమ మండలంలో సర్పంచులు, రైస్‌మిల్లులు, కాంట్రాక్టులు ఎవరెవరివో వాళ్లంతట వాళ్లే లెక్క వేసుకొస్తారు. అప్పుడు మాట తిట్ల నుంచి పక్కకు జరిగి పరిశీలన వైపు వస్తుంది.

కులం పాత సంగతి, ఇప్పుడు ఎందుకు అనేవాళ్లు ఉంటారు. తెలంగాణలో 2024 నవంబరు 6న ఇంటింటి కులగణన సర్వే మొదలైంది. 1931 తర్వాత దేశ జనగణనలో అన్ని కులాల లెక్క తీయలేదు, 2027 జనగణనలో తీస్తామని కేంద్రం ప్రకటించింది. ఈ లెక్కల్ని సరిగ్గా చదివి చెప్పేవాళ్లు కావాలి కదా.

ఫీల్డ్ వర్క్ అంటే ఏం చేయిస్తారు?

నా దృష్టిలో ఈ డిగ్రీకి గుండెకాయ ఇదే. అన్ని కాలేజీలూ దీన్ని సరిగ్గా చేయించవు. మీ కాలేజీలో లేకపోతే మీరే అడగండి, అప్పటికీ కుదరకపోతే నలుగురు కలిసి సొంతంగా చేయండి.

ఒకసారి రెండో ఏడాది పిల్లల్ని నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరికి తీసుకెళ్లాను. ఇంటింటికీ వెళ్లి ఫారం నింపాలి. ఒక అమ్మాయి ఒక ఇంటి అరుగు మీద కూర్చుని వృత్తి అన్న గడి దగ్గరికొచ్చి అడిగింది. "నాకేం పని బిడ్డా, ఇంట్లనే ఉంట" అంది ఆ ఇల్లాలు. అమ్మాయి గృహిణి అని రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆమె ఒళ్లో చాట ఉంది. కత్తిరించిన తునికాకు తీసి, చిటికెడు తంబాకు వేసి, వేళ్లతో చుట్టి, దారం కట్టి, చివర గోటితో మడుస్తోంది. మాట్లాడినంతసేపూ ఆ చేతులు ఒక్కసారి కూడా ఆగలేదు.

సాయంత్రం ఫారాలు చదువుతుంటే ఆ అమ్మాయి స్నేహితురాలే అంది, "సార్, ఆమె బీడీలు చుడుతూనే ఉంది కదా." మరుసటి రోజు మళ్లీ వెళ్లాం. ఈసారి ఏం పని చేస్తారని అడగలేదు. "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం చేశారు?" అని అడిగాం. నీళ్లు పట్టడం, వంట, చాట ముందేసుకోవడం, మధ్యాహ్నం కట్టలు పట్టుకుని కార్ఖానాకు పోవడం, అక్కడ బాగా లేవని పక్కన పడేసినవి పోగా మిగిలినవాటికి లెక్క రాయించుకోవడం, మళ్లీ ఆకు తడపడం. అన్నీ చెప్పాక లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవర్లో మడిచి దాచుకున్న పీఎఫ్ కార్డు తెచ్చి చూపించింది. పనేం లేదన్న మనిషి దగ్గర పీఎఫ్ కార్డుంది.

ఆ అమ్మాయి గృహిణి అన్న మాట కొట్టేసి బీడీ కార్మికురాలు అని రాసింది. ఒక్క గడి మారింది. అలాంటి గడులు కొన్ని వేలు తప్పుగా పడితే ఆడవాళ్ల పని లెక్కల్లో కనిపించకుండా పోతుంది. ప్రశ్న అడిగే తీరు మారితే జవాబు మారుతుందని వంద పేజీల పరిశోధన పద్ధతుల పుస్తకం చెప్పేదాన్ని ఆ చాట ఒక్క పూటలో చెప్పింది.

ఫీల్డుకు వెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. రాసుకున్నది అదే రోజు ఫోటో తీసి ఇంకోచోట దాచండి. ఎం.ఎన్. శ్రీనివాస్ ఏళ్ల తరబడి తయారుచేసుకున్న నోట్సు 1970లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న కేంద్రానికి ఎవరో నిప్పు పెడితే కాలిపోయింది. చాలావరకు జ్ఞాపకం మీద ఆధారపడి ఆయన రాసిన పుస్తకం 1976లో వచ్చింది. అంతటి జ్ఞాపకశక్తి మనలో ఎంతమందికి ఉంటుంది!

లెక్కలు ఉంటాయా?

శాతాలు, సగటులు, శాంపిల్ ఎలా తీయాలి, రెండు విషయాల మధ్య సంబంధం ఎలా చూడాలి, అంతే. పదో తరగతి లెక్కలు వస్తే చాలు. ఎక్సెల్ మాత్రం తప్పకుండా నేర్చుకోండి.

మార్కులు బాగా రావాలంటే ఎలా రాయాలి?

నిర్వచనం, లక్షణాలు, ముగింపు అనే మూసలో అందరూ రాస్తారు. పేపరు దిద్దేవాళ్లకు అరవయ్యో పేపరు దగ్గర ఏది ఎవరిదో తెలియదు. మీరు ఒక స్థానిక ఉదాహరణ పెట్టండి.

సామాజిక ఉద్యమాలు అని ప్రశ్న వచ్చిందనుకోండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాయండి. అక్షరాస్యత తరగతుల్లో రాత్రిపూట కలిసి కూర్చున్న ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ ఇళ్ల సంగతులు చెప్పుకున్నారు, అందరి ఇంట్లో అదే కష్టమని తెలిసింది. ఒక్కొక్కరి బాధ అందరి సమస్యగా మారిన ఆ క్షణం దగ్గర ఆగి నాలుగు వాక్యాలు రాయండి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయని ముగించండి. ఆ తర్వాత నిషేధం ఎందుకు సడలిపోయిందో కూడా రాయగలిగితే అది ఇంకా మంచి జవాబు.

ఉద్యోగాలు ఏమొస్తాయి? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బీఏ సోషియాలజీ పట్టా చూపించగానే పిలిచి ఇచ్చే ఉద్యోగం అంటూ ఏదీ లేదు. ఈ మాట ముందే తెలిసి చేరితే మంచిది. పట్టాతో పాటు మీరు మూడేళ్లలో ఇంకేం పోగుచేసుకున్నారన్నదే దారి చూపిస్తుంది.

సర్వేల్లో పని ఉంటుంది. ఆరోగ్యం, చదువు, ఉపాధి మీద దేశంలో ఎప్పుడూ ఏదో ఒక పెద్ద సర్వే నడుస్తూనే ఉంటుంది. ఫీల్డు ఇన్వెస్టిగేటర్‌గా మొదలై సూపర్‌వైజర్, తర్వాత డేటా, పరిశోధన వైపు వెళ్లినవాళ్లున్నారు. మొదట్లో జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలు, డ్వాక్రా సంఘాలతో పనిచేసే ప్రాజెక్టుల్లో ఊరి మనుషులతో మాట్లాడగలిగేవాళ్లు కావాలి. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా అనే ప్రక్రియను తెచ్చింది. ప్రాజెక్టు కింద ఊరు పోతే భూమి ఉన్నవాళ్లతో పాటు కౌలుదారు, కూలీ, మంగలి, చాకలి ఏం కోల్పోతారో లెక్కగట్టాలి. సోషియాలజీ చదివినవాళ్ల అవసరం సరిగ్గా అక్కడే ఉంటుంది.

మార్కెట్ రీసెర్చ్, యాప్‌లు వాడేవాళ్ల అలవాట్లు తెలుసుకునే యూజర్ రీసెర్చ్, హెచ్‌ఆర్, జర్నలిజం వైపూ వెళ్తున్నారు. టీచరు కావాలనుకుంటే బీఈడీ సోషల్ స్టడీస్ ఉంది. అయితే మీ డిగ్రీలోని సబ్జెక్టుల జోడీ ఆ అర్హతకు సరిపోతుందో లేదో చేరేముందే చూసుకోండి. మహిళా శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్ లాంటి పోస్టుల నోటిఫికేషన్లలో సోషియాలజీ డిగ్రీని అర్హతగా చూపించిన సందర్భాలున్నాయి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతల పేరా పూర్తిగా చదవండి.

గ్రూప్స్, సివిల్స్‌కు పనికొస్తుందా?

పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 స్క్రీనింగ్ టెస్టు 2023లో మారిన పద్ధతి ప్రకారం 150 మార్కులకు ఉంటుంది, అందులో 30 భారతీయ సమాజం నుంచే. తెలంగాణ గ్రూప్-2 రెండో పేపర్లో సామాజిక నిర్మాణం, సమస్యలు, ప్రభుత్వ విధానాలు ఒక భాగం. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లోనూ భారతీయ సమాజం ఉంది. యూపీఎస్సీలో సోషియాలజీని ఆప్షనల్‌గా తీసుకుంటే రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు.

కానీ ఆప్షనల్ కోసం డిగ్రీలో అదే చదివి ఉండాలని లేదు. 2017 సివిల్స్‌లో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న దురిశెట్టి అనుదీప్ ఇంజనీరింగ్ చదివారు, ఆప్షనల్ ఆంత్రోపాలజీ. కాబట్టి సివిల్స్ ఒక్కటే కారణంగా ఈ గ్రూపులో చేరకండి. సబ్జెక్టు మీద ఇష్టం లేకుండా కోచింగ్ నోట్సు కోసమే మూడేళ్లు గడిపినవాళ్లు అటు పరీక్షకూ, ఇటు సబ్జెక్టుకూ దూరమవడం చూశాను.

డిగ్రీ తర్వాత చదవాలంటే?

ఎం.ఏ. సోషియాలజీ ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా యూనివర్సిటీల్లో ఉంది. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ రాయాలి. హెచ్‌సీయూ, ఢిల్లీ లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ. పనిలోకి వెళ్లాలనుకుంటే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), డెవలప్‌మెంట్ స్టడీస్ కూడా చూడండి. పరిశోధన వైపు వెళ్లేవాళ్లు యూజీసీ నెట్ రాస్తారు. జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. ఇంటి నుంచి డబ్బు అడగలేని పిల్లలకు ఇది నిజంగా పెద్ద ఆసరా.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

వాళ్ల భయం డబ్బు గురించి. దాన్ని తీసిపారేయకండి. "నాకిష్టం" అన్న ఒక్క మాటతో నాన్నగారి ముందు కూర్చోకుండా, కాగితం మీద మూడేళ్ల ఖర్చు, తర్వాత వెళ్లగలిగే రెండు దారులు, ఏ ఏడాది ఏ పరీక్ష రాస్తారో రాసి చూపించండి. ప్రభుత్వ కాలేజీలో బీఏ ఖర్చు పెద్దదేం కాదు, ఆ మాటా చెప్పండి. అమ్మాయిల విషయంలో అసలు అడ్డంకి ఒక్కోసారి ఫీల్డ్ వర్క్ కోసం ఊళ్లు తిరగడం మీద ఉంటుంది. గుంపుగా వెళ్తారని, లెక్చరర్లు వెంట ఉంటారని చెప్పండి. కావాలంటే లెక్చరర్‌తోనే మాట్లాడించండి. నేను అలా ఎంతోమంది ఇళ్లకు ఫోన్ చేశాను.

సీటు వచ్చింది, కాలేజీ తెరవడానికి నెల ఉంది. ఏం చేయమంటారు?

పుస్తకం కొనకండి. వంద పేజీల నోటుబుక్ ఒకటి కొనండి. మీ ఊరి రేషన్ షాపు దగ్గరో, బస్టాండు హోటల్ దగ్గరో, పెళ్లి భోజనాల దగ్గరో ఒక గంట కూర్చోండి. ఎవరు ముందు నిలబడ్డారు, ఎవరు పక్కకు జరిగారు, ఎవరు ఎవర్ని ఏమని పిలిచారు, మీరు అని ఎవర్ని అన్నారు, నువ్వు అని ఎవర్ని అన్నారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు అసలు కూర్చోలేదు. మీ అభిప్రాయం ఏమీ కలపకుండా చూసింది చూసినట్టు రాయండి. పేజీ మీద తేదీ, టైము, చోటు వేయండి, మనుషుల పేర్లు మాత్రం రాయొద్దు. నాలుగు చోట్ల నాలుగు గంటలు చాలు. మొదటి రోజు క్లాసుకు ఆ నోటుబుక్ పట్టుకుని రండి, పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.